నిద్రపోయేదాకా ఆగి తీసిన ఎకో

మా పాపకి 14వ నెల. జ్వరమని తీసుకెళ్తే డాక్టరుగారు స్టెతస్కోప్ పెట్టి, మర్మర్ (గుండె చప్పుడుతో పాటు వచ్చే అదనపు శబ్దం) వినిపిస్తోంది, ఎకో (గుండెకి తీసే అల్ట్రాసౌండ్ స్కాన్) తీయించండి అన్నారు. మొదట వెళ్లిన చోట పాప గుక్కపట్టి ఏడుస్తుంటే అలాగే అయిదు నిమిషాల్లో కానిచ్చేశారు. గుండె పై గదుల మధ్య గోడకి రంధ్రం ఉందని రిపోర్టు చేతిలో పెట్టారు. ఆ రాత్రి నాకు కన్ను మూతపడలేదు.

రెండోసారి పిల్లల గుండె మాత్రమే చూసే చోటికి వెళ్లాం. ఈ రివ్యూ వాళ్ల గురించే.

ఎకో తీసే ఆవిడ ముందు పాలు పట్టమన్నారు. పాప నా ఒళ్లో నిద్రపోయేదాకా ఆగారు. జెల్ చల్లగా తగిలి ఉలిక్కిపడకుండా ముందే వెచ్చబెట్టి ఉంచారు. నలభై నిమిషాలు చూశారు. మొదటి రిపోర్టు చూపించి అడిగితే, ఒంటికి ఆనించి ధ్వని తరంగాలు పంపే ప్రోబ్‌ని రొమ్ము కింద పెట్టారు. నిజంగానే పై గోడ నడుమ తెగినట్టు కనిపించింది. "ఇక్కణ్నించి చూస్తే తరంగాలు గోడ వెంబడే పోతాయమ్మా, పలచటి చోట ప్రతిధ్వని వెనక్కి రాదు. లేని రంధ్రం ఉన్నట్టుంటుంది" అంటూ ప్రోబ్‌ని పక్కటెముకల కిందికి, పొట్ట పైభాగానికి జరిపారు. ఇప్పుడు తరంగాలు గోడకి ఎదురుగా తగిలాయి. గోడ అతుకు లేకుండా, తెల్లటి గీతలా నిండుగా ఉంది! రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్‌లోనూ అక్కడ రక్తం దాటడం లేదు.

అసలు రంధ్రం కింది గదుల మధ్య కండగోడలో ఉంది, 3 మిల్లీమీటర్లు. ఎరుపు, నీలం, పసుపు కలగలిసిన సన్నటి చిమ్ము ఎడమ నుంచి కుడికి దూకడం నా కళ్లతో చూశాను. దాని వేగం సెకనుకు 4 మీటర్లు. ఆ వేగాన్ని వర్గం చేసి మళ్లీ 4తో గుణిస్తే 64. రెండు గదుల మధ్య పీడనంలో తేడా అన్ని మిల్లీమీటర్ల పాదరసమట. రంధ్రం పెద్దదైతే రెండు వైపులా పీడనం సమానమవుతూ వచ్చి అంత వేగం ఉండదని, ఇలాంటి చిన్నవి చాలావరకు వాటంతటవే పూడిపోతాయని డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పారు. గుండె గదులేవీ ఉబ్బలేదు. మందులు అక్కర్లేదన్నారు.

అపాయింట్‌మెంట్ ఉన్నా రెండు గంటలు కూర్చోబెట్టారు, పసిపిల్లలతో అది కష్టం. రిపోర్టులో అన్నీ పొడి అక్షరాలే, అడిగితే గానీ అర్థం కావు. అయినా తల్లిదండ్రులకి గట్టిగా చెప్తాను: పిల్లల ఎకో పిల్లల గుండె చూసేవాళ్ల దగ్గరే తీయించండి. ఏడుస్తుంటే ఆగమని అడగండి.

ఆరు నెలలకి మళ్లీ రమ్మన్నారు. ఆవిడ ఉండే రోజు కనుక్కుని, తేదీ అప్పుడే రాయించుకొచ్చాను.