మెనూస్ట్రిప్‌తో ఏళ్ళ తరబడి వేగాక నా మాట

నెల్లూరు చుట్టుపక్కల రైస్ మిల్లులకు లెక్కల సాఫ్ట్‌వేర్ రాసిపెడుతుంటాను. ఒకరు పుట్టి లెక్క కావాలంటారు (మా దగ్గర పుట్టి అంటే 850 కిలోలు), ఇంకొకరు క్వింటాళ్ళంటారు, అప్పుల పట్టిక ఓనరుకు తప్ప గుమాస్తాకు కనిపించకూడదని మరొకరు. మిల్లుకో మెనూ గీస్తూ కూర్చోలేక, 2011 నుంచి విండోస్ ఫార్మ్స్‌లోని (విండోస్ ప్రోగ్రామ్‌లకు కిటికీలు, బటన్లు కట్టిపెట్టే మైక్రోసాఫ్ట్ సాధనం) మెనూస్ట్రిప్‌ని, అంటే కిటికీ పైనుండే మెనూ పట్టీని, డేటాబేస్ టేబుల్ చూసి ప్రోగ్రామ్ నడిచేటప్పుడే కట్టిస్తున్నాను.

కట్టడం తేలికే. ఐటమ్ చేసి, దాని ట్యాగ్‌లో (మనకు కావలసింది దాచుకునే చోటు) తెరవాల్సిన ఫారం పేరు పెట్టి, అన్నిటికీ ఒకే క్లిక్ హ్యాండ్లర్ (నొక్కగానే నడిచే కోడ్) తగిలిస్తే సరి. ఆ ఒకే హ్యాండ్లర్ తెలివి నాకు దెబ్బ తిన్నాకే వచ్చింది లెండి. మొదట్లో ఆర్థిక సంవత్సరాల మెనూకి ఫోరీచ్ (జాబితాలో ఒక్కోదాన్నే వరసగా తీసుకునే లూప్) లోపల లాంబ్డాలు (అక్కడికక్కడే రాసే పేరులేని చిన్న ఫంక్షన్లు) రాశాను, అవన్నీ ఒకే వేరియబుల్‌ని పట్టుకుని కూర్చోవడంతో ఏ సంవత్సరం నొక్కినా చివరిదే తెరుచుకునేది. "ఏంది అబ్బయ్యా, పోయినేడుది అడిగితే ఈ ఏడుది చూపిస్తా ఉంది?" అని గుమాస్తా పెద్దాయన ఫోన్ చేస్తే నాకు చెమటలు. 2012లో సీ షార్ప్ భాష 5వ వెర్షన్‌తో ఫోరీచ్‌ని సరిచేశారు, అంకె లెక్కపెడుతూ తిరిగే ఫర్ లూప్‌లో మాత్రం ఇప్పటికీ మనమే చూసుకోవాలి.

అసలు తలనొప్పి తీసేసి మళ్ళీ కట్టడంలో ఉంది. క్లియర్ అంటే జాబితా ఖాళీ అవుతుందే గానీ పాత ఐటమ్‌లు డిస్పోజ్ కావు, అంటే అవి పట్టుకున్న వనరులు వదలవు. కోతల సీజన్‌లో పొద్దున తెరిచిన ప్రోగ్రామ్ రాత్రిదాకా మూయరు కదా, మెమరీ అలా పెరుగుతూ పోయేది. పోనీ ఫోరీచ్‌లో డిస్పోజ్ చేద్దామంటే ఐటమ్ తనంతట తానే జాబితాలోంచి తప్పుకుని ఎర్రర్ కొడుతుంది, చివరి నుంచి వెనక్కి రావాలి.

మెనూ తెరిచేటప్పుడే నింపుదామని డ్రాప్‌డౌన్‌ఓపెనింగ్ (మెనూ తెరుచుకోబోయే ముందు వచ్చే ఈవెంట్) వాడితే ఇంకో తంటా: లోపల ఒక్క ఉత్తుత్తి ఐటమైనా ముందే లేకపోతే ఉపమెనూ బాణం గుర్తే రాదు, పైగా మెనూ ఒకసారి తెరిచేదాకా షార్ట్‌కట్ కీలు పనిచేయవు. అందుకే షార్ట్‌కట్ ఉన్నవి లాగిన్ కాగానే కట్టేస్తాను, సంవత్సరాల్లాంటివే తెరిచినప్పుడు నింపుతాను.

పార్టీల పేర్లు కూడా కొన్నాళ్ళు మెనూలోనే పెట్టాను. పేరులో అండ్ గుర్తు (&) ఉంటే మాయమయ్యేది, రెండుసార్లు రాస్తే గానీ ఒకటి కనిపించదు. పేర్లు అరవై దాటాక మెనూ స్క్రీన్ పట్టక చిన్న బాణాలు వచ్చాయి, పెద్దాయన విసుక్కున్నాడు. దాన్ని తీసేసి వెతుకుడు పెట్టె పెట్టాను.