ఐదు క్రూయిజ్‌లు, ఒక చక్రాల కుర్చీ: ఎక్కడం సరే, దిగి మళ్లీ ఎక్కడం సంగతి చెప్తాను

బఫేలో ఎన్ని రకాలు, ఈతకొలను ఎన్నో అంతస్తు, రాత్రి షోలు ఎలా ఉంటాయి, ఇవన్నీ యూట్యూబ్‌లో కావలసినన్ని ఉన్నాయి కాబట్టి వాటి జోలికి పోను. నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాతం, వచ్చి 19 ఏళ్లు. చేతికర్రతో ఇంట్లో తిరుగుతాను, ఎవరైనా పట్టుకుంటే రెండు మూడు మెట్లు ఎక్కుతాను, అంతకు మించితే చక్రాల కుర్చీయే. మా అబ్బాయి హ్యూస్టన్‌లో ఉంటాడు. మేం కాకినాడ నుంచి వెళ్లినప్పుడల్లా గాల్వెస్టన్ రేవుకి తీసుకెళ్లి ఓడెక్కించడం వాడికి అలవాటైపోయింది, కారులో వెళ్లిపోవచ్చు, మళ్లీ ఇంకో విమానం గొడవ ఉండదు. 2017 నుంచి 2024 దాకా ఐదుసార్లు, మూడు వేరు వేరు ఓడలు. ఒక్క ట్రిప్పు మోజులో రాస్తున్నది కాదని చెప్పడానికే ఈ లెక్క.

మొదటిరోజు ఎక్కించే తీరు మాత్రం నిజంగా బాగుంటుంది. కారు దిగగానే కుర్చీ కావాలని చెబితే ఒకబ్బాయి వచ్చి కూర్చోబెట్టుకుంటాడు, వేలమంది నిలబడ్డ లైను పక్కనుంచి తీసుకెళ్లిపోతాడు, తిరుమలలో బ్రేక్ దర్శనానికి వెళ్తున్నట్టుంటుంది. పాస్‌పోర్టు చూసేవాళ్లే మన దగ్గరికి వంగి మాట్లాడతారు. తర్వాత గ్యాంగ్‌వే, అంటే టెర్మినల్ నుంచి ఓడలోకి వేసిన వంతెన, అది మలుపులు తిరుగుతూ పైకి వెళ్తుంది. ఓడ గుమ్మం దగ్గర ఇనుప రేకు ఒకటి వస్తుంది, అక్కడ 'కాళ్లు పైకి' అని చెప్పి కుర్చీని వెనక్కి వంచి దాటిస్తాడు. 2017లో ఆ సాయంత్రమే మా చెల్లికి ఫోన్ చేసి 'ఎయిర్‌పోర్టు కంటే వెయ్యిరెట్లు నయమే' అన్నాను.

వెయ్యిరెట్లు అనడం కొంచెం తొందరే. ఆ కుర్చీ వాళ్లది. మనల్ని ఓడలో దించాక అది వెనక్కి వెళ్లిపోతుంది, వారమంతా మన దగ్గర ఉండదు. ఇది మాకు తెలియదు. ఓడేమో వెయ్యి అడుగుల పైన పొడవు, మా గది ఆ చివర. మొదటి ట్రిప్పంతా గది, లిఫ్టు, భోజనం, మళ్లీ గది, అంతే చూశాను. మా ఆయన మాత్రం ఓడంతా తిరిగొచ్చి పదమూడో అంతస్తులో ఏముందో నాకు వర్ణించేవారు.

రెండోసారి మడిచే కుర్చీ సొంతంగా కొన్నాం. గది తలుపు దగ్గర ఆగిపోయింది. మావాడు టేపు తెప్పించి కొలిస్తే కుర్చీ 25 అంగుళాలు, తలుపు 23. బయట వదిలేద్దామంటే వరండాలో ఏదీ పెట్టకూడదు, ఆపద వస్తే అదే దారి. దాంతో ప్రతిసారీ గుమ్మంలో లేచి నిలబడి గోడ పట్టుకోవడం, ఆయన కుర్చీ మడవడం. బాత్రూమ్‌కి మన పాతిళ్లలోలాగా ఎత్తు గడప, పసుపు రాసి బొట్టు పెట్టలేదు అంతే తేడా. రాత్రి నిద్రమత్తులో దాన్ని రెండుసార్లు తన్నుకున్నాను. అప్పటినుంచీ వెడల్పు తలుపు, గడప లేని బాత్రూమ్ ఉన్న గదే తీసుకుంటున్నాం. అలాంటివి ఓడకి కొన్నే ఉంటాయి, ఆర్నెల్ల ముందే అడగాలి. ఆ గది వచ్చాక సగం బాధ తీరింది, అది ఒప్పుకుంటాను.

ఇక అసలు సంగతి. క్రూయిజ్ ఎక్కడం అంటే మొదటిరోజు ఎక్కడమే అనుకుంటాం. కాదు. ప్రతి ఊళ్లో దిగాలి, సాయంత్రానికి మళ్లీ ఎక్కాలి. మెక్సికో కోజుమెల్‌లో, జమైకా ఫాల్మత్‌లో ఓడ నేరుగా జెట్టీకి ఆనుకుంటుంది, కుర్చీ దొర్లించుకుంటూ దిగిపోవచ్చు. గ్రాండ్ కేమన్ దీవి జార్జ్‌టౌన్‌లో అలా కాదు, అక్కడ పెద్ద ఓడలకు జెట్టీ లేదు. ఓడ సముద్రంలోనే ఆగుతుంది, లాంచీల్లో ఒడ్డుకు చేరుస్తారు. దాన్నే టెండర్ అంటారు (మనకు టెండర్ అంటే రోడ్డు కాంట్రాక్టే గుర్తొస్తుంది). మా కాకినాడ యాంకరేజ్ పోర్టులో బియ్యం బస్తాలు బార్జిల్లో తీసుకెళ్లి ఓడకెక్కిస్తారు చూశారూ, అచ్చం అదే. ఇక్కడ బస్తాలం మనమే.

2018లో వెళ్లినప్పుడు సముద్రం అద్దంలా ఉంది. ఇద్దరు సిబ్బంది చెరో చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేయించారు, వెనకాలే కుర్చీ అందించారు. నేను పొంగిపోయి మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో 'నాలాంటివాళ్లు కూడా నిశ్చింతగా వెళ్లొచ్చు' అని పెట్టాను. అది నమ్మి మరుసటేడు మా వదిన వెళ్లింది. ఆవిడ నాలుగడుగులు కూడా వేయలేరు. తలుపు దాకా తీసుకెళ్లి, అలలు ఉన్నాయని వెనక్కి పంపేశారు. ఆవిడ నన్నేమీ అనలేదు గానీ ఆ మెసేజ్ ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంది.

2023 జనవరి, సంక్రాంతి వెళ్లిన వారం, మళ్లీ అదే జార్జ్‌టౌన్. పొద్దున బాగానే ఉంది. లిఫ్టులో అడుగు అంతస్తుకి దిగాం, అక్కడ తివాచీలు గట్రా ఏమీ ఉండవు, ఇనుప నేల, డీజిల్ వాసన. ఓడ పక్కన తలుపు తెరిచి ఉంటుంది, ఎదురుగా నీళ్లు. అధికారి ఒకాయన 'కొన్ని అడుగులు నడవగలరా' అని అడిగారు, నడవగలనన్నాను, దింపారు. ఊరు చదునుగా ఉంది, సముద్రం ఒడ్డున రోడ్డు వెంబడి మావాడు తోసుకుంటూ తిప్పాడు. మధ్యాహ్నానికి గాలి మారింది. చలికాలంలో వాయవ్యం నుంచి గాలి తిరిగితే ఆ రేవు ఒడ్డంతా అలలేనట, అలాంటప్పుడు ఒక్కోసారి ఓడలను దీవికి దక్షిణాన ఉన్న స్పాట్స్ రేవుకి పంపిస్తారట. ఇది నాకు సాయంత్రం లాంచీలో పక్కనావిడ చెప్పింది, అప్పటికి తెలిసీ లాభం లేదు.

లాంచీ ఓడ పక్కకు చేరింది. ఒక అల వచ్చినప్పుడు లాంచీ, ఓడ గుమ్మం సమానంగా ఉంటాయి, మరుక్షణం లాంచీ మూరెడు కిందికి దిగిపోతుంది. మధ్యలో వేసిన రేకు కీచుమంటూ ఇటూ అటూ జారుతోంది. మిగతావాళ్లు సమానంగా వచ్చినప్పుడు చూసుకుని గబుక్కున దాటేస్తున్నారు. నన్ను చివరికి ఉంచారు. ముందు కుర్చీ అందించేశారు, అది పెద్ద పొరపాటు, ఎందుకంటే అది ఓడలో ఉంది, నేను లాంచీలో కడ్డీ పట్టుకుని నిలబడి ఉన్నాను, వేళ్లు బిగించి పట్టుకోవడమే నాకు కష్టం. మావాడు వెనక, 'అమ్మా, కిందికి చూడకు' అంటున్నాడు. చూడకుండా ఎలా ఉంటాం?

చిన్నప్పుడు కోటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పుడు సరంగు చెయ్యందించి ఒక్క లాగు లాగేవాడు, పరికిణీ ఎగ్గట్టుకుని దూకేసేదాన్ని. ఆ కాళ్లు కావు కదా ఇవి. ఇద్దరు చంకల కింద చేతులు వేశారు. 'మేం చెప్పేదాకా కదలొద్దు.' ఒక అల వదిలేశారు, రెండోది వదిలేశారు. మూడోదానికి 'ఇప్పుడు' అన్నారు. కుడికాలు రేకు మీద పెట్టాను, ఎడమకాలు లాంచీలో ఉండగానే లాంచీ దిగిపోయింది. ఆ తర్వాత నేను చేసిందేమీ లేదు, వాళ్లే నన్ను గాల్లో లేపి లోపలికి లాక్కున్నారు. ఎడమకాలి చెప్పు మాత్రం ఆ సందులో పడిపోయింది. టప్ మని చప్పుడు కూడా విన్నాను. ఒంటి చెప్పుతో గదికి వెళ్లి కూర్చుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. చంకల కింద నల్లగా కమిలింది, కీళ్లవాపు పదిరోజులు తగ్గలేదు.

ఆ కుర్రాళ్ల మీద నాకు ఈషణ్మాత్రం కోపం లేదు, కన్నతల్లిని పట్టుకున్నట్టు పట్టుకున్నారు. నా కోపమంతా కాగితాల మీద. రెండు నెలల ముందే మావాడు ప్రత్యేక అవసరాల ఫారం నింపాడు, ఏం చేయగలను, ఏం చేయలేను అంతా రాశాడు. తిరిగి వచ్చిన మెయిల్లో 'మీకు ఏ లోటూ రానివ్వం' అన్న ముక్క ఉంది గానీ, టెండర్ ఉన్నచోట దింపాలా వద్దా అన్నది ఆ రోజు ఆ అధికారి చేతిలో ఉంటుందనీ, పొద్దున దింపినంత మాత్రాన సాయంత్రం ఎక్కడం తేలికని కాదనీ ఒక్క ముక్క లేదు. టికెట్టు ఇచ్చిన ఏజెంటూ చెప్పలేదు. అదంతా చిన్న అక్షరాల షరతుల్లో ఉందని తర్వాత వెతికి చూపించారు. మేం గట్టిగా అడిగితే మర్నాడు గదికి పళ్ల పళ్లెం, చిన్న కార్డు పంపారు. పళ్లెం నిండా పుచ్చకాయే.

అమెరికా రేవుల్లో ఇలా కాదేం అని అడిగితే మావాడు ఒక సంగతి చెప్పాడు. ఓడ మీద ఏ దేశం జెండా ఉన్నా, అమెరికా జలాల్లో ఉన్నంతసేపు అక్కడి వికలాంగుల చట్టం వర్తిస్తుందని 2005లో అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చిందట. గాల్వెస్టన్‌లో అంత మర్యాద ఆ చట్టం పుణ్యమేమో. కేమన్‌లో జెట్టీ ఎప్పటికైనా కడతారేమో అన్న ఆశ కూడా పోయింది, 2025 ఏప్రిల్‌లో ప్రజాభిప్రాయ సేకరణ పెడితే ఎక్కువమంది వద్దన్నారు. వాళ్ల సముద్రం, వాళ్ల పగడపు దిబ్బలు, వాళ్లిష్టం. నా మోకాళ్ల కోసం కట్టమనలేను కదా.

జెట్టీ ఉన్నంత మాత్రాన అంతా సుఖమనీ అనుకోవద్దు. మెక్సికోలో ప్రోగ్రెసో అని ఒక ఊరుంది, అక్కడి జెట్టీ సముద్రంలోకి 6.5 కిలోమీటర్లు పొడుచుకొచ్చి ఉంటుంది. ఓడ దిగడం నల్లేరు మీద నడకే, ఊళ్లోకి మాత్రం బస్సులో వెళ్లాలి. మాకు వచ్చిన బస్సుకి ఎత్తు మెట్లు, మావాడు నన్ను ఎత్తుకుని ఎక్కించాడు. వాడికీ యాభై దగ్గరపడుతున్నాయి.

చివరిరోజు దిగడం కూడా మొదటిరోజంత ముచ్చటగా ఉండదు. కుర్చీ తోసేవాళ్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ, ఒకసారి గంటన్నర హాల్లో కూర్చున్నాం. కుర్చీ మనదైతే, తోసే మనిషీ మనవాడైతే ఆ బాధ లేదు. ఇంకొకటి, ఆయన రాత్రి సీపాప్ మిషన్ (నిద్రలో ఊపిరి ఆగకుండా గాలి పంపేది) పెట్టుకుంటారు, దానికోసం తీసుకెళ్లిన స్పైక్ బస్టర్‌ని తనిఖీలో తీసేసుకున్నారు, ఓడలో అవి నిషేధం. మామూలు ఎక్స్‌టెన్షన్ వైరు, మిషన్‌లో పోసే డిస్టిల్డ్ వాటర్ ముందుగా అడిగితే వాళ్లే గదిలో పెట్టారు.

వెళ్లొచ్చా అంటే, నాకు తోసే కొడుకున్నాడు, పట్టుకుంటే నాలుగడుగులు వేయగలను, ఊరు చూడకపోయినా బాల్కనీలో కూర్చుని సముద్రం చూస్తూ వారం గడిపేసే స్వభావం. ఈ మూడింట్లో ఏది లేకపోయినా నా లెక్క మీకు పనికిరాదు. మేమిద్దరమే అయితే నేను వెళ్లను. మా వదినలా అసలు అడుగు వేయలేనివాళ్లు టెండర్ ఊళ్లున్న ట్రిప్పుకి డబ్బు కట్టొద్దు, లేదా ఆ ఊరు లేదనుకుని కట్టండి.

వచ్చే ఏడాదికి మావాడు మళ్లీ ఒకటి చూశాడు. 'ఏ ఊళ్లురా' అనలేదు, 'ఎన్ని జెట్టీలు, ఎన్ని టెండర్లు' అని అడిగాను. కోజుమెల్, కోస్టా మాయా, రోవటాన్, మూడూ జెట్టీలేనట. సరే, బుక్ చెయ్యమన్నాను. చెప్పులు మాత్రం ఈసారి వెనక పట్టీ ఉన్నవి కొన్నాను.