జబ్బుపడ్డ ఎనిమోన్: ఉన్నచోటే బాగుచేయాలా, వేరే ట్యాంకులో పెట్టి మందు వేయాలా?

ఎనిమోన్ (ఉప్పునీళ్ల ట్యాంకులో పెంచుకునే, పువ్వులా కనిపించే సముద్రజీవి) డల్‌గా ఉంది, ఏం చేయమంటారు అని ఇలాంటి ట్యాంకులవాళ్లని అడిగి చూడండి, రెండు రకాల జవాబులు వస్తాయి. "దాన్ని ముట్టుకోకండి, నీళ్లు సరిచేయండి, అదే కోలుకుంటుంది" అని ఒకరు. "ఇవాళే తీసి వేరే ట్యాంకులో పెట్టి సిప్రో అనే యాంటీబయాటిక్ మొదలుపెట్టండి, రేపటిదాకా ఆగితే పోతుంది" అని ఇంకొకరు. ఇద్దరూ తమ ఇంట్లో బతికి బట్టకట్టిన ఎనిమోన్‌నే సాక్ష్యంగా చూపిస్తారు. నన్నడిగితే ఇద్దరి మాటా నిజమే, కాకపోతే ఇద్దరూ చెప్పేది ఒకే జబ్బు గురించి కాదు. నెలల తరబడి మీ ట్యాంకులో రాయి పట్టుకుని కూర్చున్నది నీరసపడితే తొంభై పాళ్లు నీళ్లదో లైటుదో గొడవ. నిన్నగాక మొన్న షాపు నుంచి వచ్చి, పాదం (రాయిని పట్టుకునే అడుగుభాగం) ఎక్కడా ఆనించకుండా దొర్లుతూ, ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉన్నదైతే ఇన్ఫెక్షన్ అని అనుమానించాలి. మొదటిదానికి మందు దండగ, రెండోదానికి ఎదురుచూడటం దండగ.

ముందు అసలు అది జబ్బేనా అన్నది చూసుకోవాలి. ఎనిమోన్‌కి తినడానికీ వ్యర్థాలు బయటికి తోయడానికీ ఒకటే నోరు. అందుకని అప్పుడప్పుడు ఒంట్లో నీళ్లన్నీ వదిలేసి ముద్దలా అయిపోతుంది, గోధుమరంగు జిగురు కొంచెం కక్కుతుంది, కొన్ని గంటల్లో మళ్లీ మామూలుగా విచ్చుకుంటుంది. తిండి పెట్టిన మర్నాడు ఇలా ఎక్కువగా జరుగుతుంది. దీనికే టెన్షన్ పడి ట్యాంకులో చెయ్యి పెట్టేవాళ్లు బోలెడుమంది. భయపడాల్సింది వేరే: రోజూ ముడుచుకోవడం, నోరు తెరుచుకునే ఉండటం, లోపలి తెల్లటి పొరలు బయటికి వేలాడటం, వేలితో తాకితే టెంటకిల్స్ (నోటి చుట్టూ ఉండే వేళ్లలాంటివి) అంటుకోకపోవడం. టెంటకిల్స్ ఇంకా జిగటగా పట్టుకుంటున్నాయంటే ఆశ ఉన్నట్టే. ముక్కుపుటాలు అదిరే కంపు కొడుతూ, తాకితే చిరిగిపోతూ ఉంటే ఇక ఏ పద్ధతీ పనిచేయదు, వెంటనే తీసేయాలి. చచ్చిన ఎనిమోన్ రాత్రికి రాత్రే కుళ్లి నీళ్లలో అమ్మోనియా పెంచేస్తుంది, చిన్న ట్యాంకైతే చేపలు కూడా దాంతోపాటే పోతాయి.

ఇక ఉన్నచోటే బాగుచేసే పద్ధతి. దీని బలమేంటంటే మీరు ఎనిమోన్‌ని పీకాల్సిన పని లేదు. పాదం చిరిగితే అక్కడే ఇన్ఫెక్షన్ పట్టి చచ్చిపోయేవి చాలా ఉన్నాయి, కాబట్టి రాయికి గట్టిగా పట్టుకుని ఉన్నదాన్ని ఊడదీయడమంటే కొత్త జబ్బు తెచ్చిపెట్టడమే. చూడాల్సినవి కొన్నే, కానీ వాటిని నిజంగా కొలవాలి, అంచనా వేస్తే కుదరదు. ఉప్పు సాంద్రత 1.025 నుంచి 1.026, వేడి 25 నుంచి 27 డిగ్రీలు, అమ్మోనియా, నైట్రైట్ సున్నా, నైట్రేట్ పది పీపీఎం లోపు. సాంద్రత కొలిచే, ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్‌కి ఒక చిన్న బుడగ అంటుకున్నా తప్పు చూపిస్తుంది, రిఫ్రాక్టోమీటర్ (నీటి చుక్కతో ఉప్పు కొలిచే పరికరం) కొనండి, దాన్ని కూడా 35 పీపీటీ (వెయ్యి పాళ్లకి 35 పాళ్ల ఉప్పు) ద్రావణంతో సరిచూసుకోండి.

హైదరాబాద్‌లో ఉండేవాళ్లకి ఇక్కడ రెండు తిప్పలు. ఒకటి నీళ్లు. ఇంట్లో ఆర్వో ఉందిగా అనుకుంటాం, కానీ వంటింటి ఫిల్టర్‌లో రుచి కోసం కొంచెం పచ్చి నీళ్లు కలిపే ఏర్పాటు ఉంటుంది, బోరు నీళ్లయితే ఆ కొంచెంతోనే టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల కొలత) ఎక్కడికో పోతుంది. మెంబ్రేన్ దగ్గర నుంచి నేరుగా పట్టుకోవాలి, వీలైతే డీఐ (మిగిలిన లవణాల్ని కూడా లాగేసే ఫిల్టర్) కూడా పెట్టించుకుని మీటర్ మీద సున్నా చూడాలి. రెండోది ఎండాకాలం. మే నెలలో గది వేడికి నీళ్లు 31, 32 డిగ్రీలు దాటితే ఎనిమోన్ తన ఒంట్లోని ఆల్గేని (వెలుతురుతో దానికి తిండి తయారుచేసిపెట్టే సూక్ష్మజీవుల్ని) వదిలేసి తెల్లబడిపోతుంది. చిల్లర్ (నీళ్లు చల్లబరిచే యంత్రం) మంచిదే కానీ ఖరీదు. నీళ్ల మీదికి చిన్న ఫ్యాన్ పెట్టినా రెండు మూడు డిగ్రీలు దిగుతుంది, అయితే ఇది పొడిగాలి ఉండే హైదరాబాద్‌లో పనిచేసినంతగా ఉక్కపోసే విశాఖలో పనిచేయదు. ఫ్యాన్ పెడితే నీళ్లు త్వరగా ఆవిరవుతాయి, ఉప్పు ఆవిరి కాదు, కాబట్టి తగ్గినంతా ఉత్త ఆర్వో నీళ్లతోనే నింపాలి. ఉప్పునీళ్లు పోస్తూ పోతే వారం తిరిగేసరికి సాంద్రత పెరిగి అదే ఇంకో జబ్బవుతుంది.

తెల్లబడినదాన్ని చూడగానే లైటు పెంచేయాలనిపిస్తుంది. వద్దు. ఆల్గే లేని ఒంటి మీద ఒక్కసారిగా పడే గట్టి వెలుతురు మేలు కన్నా కీడే చేస్తుంది. తక్కువతో మొదలుపెట్టి వారాల మీద పెంచుకుంటూ రావాలి, ఈలోపు తిండి చేత్తో అందించాలి. మార్కెట్లో దొరికే పచ్చి రొయ్య చాలు, ఉప్పూ పసుపూ పట్టించకముందే ఒక ముక్క పక్కన పెట్టుకోండి. మిరియపు గింజంత ముక్క, వారానికి రెండుసార్లు. పెద్ద ముక్క పెడితే రాత్రికి కక్కేస్తుంది, దానికి ఖర్చయిన శక్తి కూడా దండగే. తెల్లదనం పోయి గోధుమరంగు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. షాపుల్లో "రేర్ వైట్" అని ఎక్కువ ధరకి అమ్మేవి దాదాపుగా ఇలా తెల్లబడిన రోగులే, వాటి జోలికి పోకండి. క్లౌన్ ఫిష్ అనే చేప ప్రేమగా దాంట్లో దొర్లుతుంటే చూడముచ్చటగానే ఉంటుంది కానీ నీరసంగా ఉన్నదాన్ని అది నలిపేస్తుంది, నోటి దగ్గర పెట్టిన ముక్క కూడా లాక్కుపోతుంది. చిల్లుల ప్లాస్టిక్ బుట్ట బోర్లించి కొన్నాళ్లు విడిగా ఉంచండి.

నీళ్లు ఒక్కటే ఎంత పనిచేస్తాయో చెప్పాలంటే, స్కాట్లాండ్‌లో జాన్ డాలియల్ అనే ప్రకృతి పరిశోధకుడు 1828లో సముద్రం నుంచి తెచ్చి గాజు జాడీలో పెట్టిన ఎనిమోన్, ఆయన పోయాక కూడా చేతులు మారుతూ 1887 దాకా బతికింది. "గ్రానీ" అని పేరు కూడా పెట్టారు. ఫిల్టర్ లేదు, పంపు లేదు, సముద్రపు నీళ్లు మార్చడమే. అయితే అది చల్లటి సముద్రపు జాతి, ఒంట్లో ఆల్గే ఉండదు, లైటుతో పని లేదు. మనం పెంచే బబుల్ టిప్ లాంటి జాతులకి ఆ వైభోగం లేదు.

ఇప్పుడు మందు సంగతి. ప్రపంచమంతా రీఫ్ ట్యాంకులవాళ్లు (పగడాలు, ఎనిమోన్‌లు పెంచేవాళ్లు) వాడుతున్నది సిప్రోఫ్లాక్సాసిన్ (అదే సిప్రో), సుమారు 40 లీటర్లకి 250 మిల్లీగ్రాములు. ఇసుక, రాళ్లు లేని ఖాళీ ట్యాంకు, నీళ్లు కదలడానికి ఒక చిన్న పంపు, దాని నోటికి స్పాంజ్, వేడి నిలకడగా ఉంచే ఏర్పాటు. రాత్రి లైటు ఆపాక మందు వేయాలి, ఎందుకంటే ఇది వెలుతురుకి విరిగిపోతుంది. మర్నాడు సాయంత్రం నీళ్లు మొత్తం మార్చి మళ్లీ మందు. ఇలా వారం, ఒక్కోసారి పది రోజులు. మాత్రని పొడిచేసి ముందు కాస్త ఆర్వో నీళ్లలో కలిపి అప్పుడు ట్యాంకులో పోయాలి. మన మందుల షాపుల్లో సిప్రో అడిగితే టినిడజోల్ అనే ఇంకో మందు కలిపిన మాత్ర చేతిలో పెట్టడం మామూలు, పట్టీ వెనక చదవండి, ఉత్త సిప్రోయే కావాలి. చీటీ లేకుండా అమ్మకూడని యాంటీబయాటిక్ ఇది, పశువైద్యుణ్ని అడిగి రాయించుకోండి. మెయిన్ ట్యాంకులో మాత్రం వేయకండి, నీళ్లని శుభ్రంగా ఉంచే బ్యాక్టీరియా దెబ్బతింటుంది. చేపల జబ్బుకి వాడే రాగి మందు పడిన ట్యాంకుని ఇందుకు వాడితే ఇక అంతే, రాగి వీటికి విషం.

పని విషయానికొస్తే లెక్క చూడండి. లీటరుకి 35 గ్రాముల ఉప్పు అనుకున్నా 40 లీటర్లకి రోజుకి 1.4 కిలోలు, వారానికి దగ్గర దగ్గర పది కిలోల మెరైన్ సాల్ట్, 280 లీటర్ల ఆర్వో నీళ్లు. ఆర్వో ఒక లీటరు ఇస్తే రెండు మూడు లీటర్లు పారబోస్తుంది, ఎండాకాలం ట్యాంకర్ కోసం ఎదురుచూసే అపార్ట్‌మెంట్‌లో ఇంట్లోవాళ్లు ఊరుకోరు. మార్చే నీళ్ల వేడి, సాంద్రత పాతవాటితో రోజూ సరిపోవాలి. వారం మధ్యలో ఊరెళ్లే పని ఉంటే ఈ పద్ధతి మొదలుపెట్టకపోవడమే మంచిది, సగం కోర్సు అసలు వేయనిదాని కన్నా నయం కాదు.

మరి ఏది మేలు? జాతిని బట్టి చెప్తాను. బబుల్ టిప్ అయితే, పాదం అంటుకుని ఉంటే, ఉన్నచోటే. మొండి ప్రాణం, చాలావరకు నీళ్లు, వేడి కుదిరితే లేస్తుంది. మాగ్నిఫికా, కార్పెట్ జాతులు కొత్తగా వచ్చి రోజూ ముడుచుకుంటున్నాయంటే "అన్నా, కొత్త కదా, రెండు రోజుల్లో సెట్ అయిపోతుంది" అన్న షాపు మాట పట్టుకుని కూర్చోకుండా ఆ రాత్రే మందులోకి. నేనైతే వీటి విషయంలో అస్సలు ఆలోచించను, ఎందుకంటే సముద్రం నుంచి మన ఇంటికొచ్చేలోపు ఎన్నో సంచులు, ఎన్నో తొట్టెలు మారి వస్తాయి, ఆ నలుగుడులోనే ఇన్ఫెక్షన్ పట్టే అవకాశం ఎక్కువ. మధ్యస్థంగా ఉన్నది, అంటే పాదం పట్టుకుని ఉంది కానీ నోరు వదులుగా ఉంది, అలాంటప్పుడు నీళ్లు సరిచేసి రెండు రోజులు చూడండి, రోజుకి ఒక ఫోటో ఒకే టైముకి తీసి పక్కపక్కన పెట్టుకోండి. నోరు బిగుసుకుంటోందా, ఇంకా తెరుచుకుంటోందా అన్నది తెలిసిపోతుంది. తెరుచుకుంటుంటే మందే. అప్పుడు కూడా ఊడదీయకండి, అది పట్టుకున్న ఆ ఒక్క రాయితో సహా ఎత్తి మందు ట్యాంకులోకి మార్చండి. రాయి కదిలించలేనంత పెద్దదైతే ఐసు ముక్కలున్న కవరు రాయి వెనక ఆనించి, పాదం దానంతట అది వదిలేదాకా ఓపిక పట్టాలి.

కోర్సు అయ్యాక నేరుగా మెయిన్ ట్యాంకులోకి వేయకుండా రెండు మూడు రోజులు మందు లేని నీళ్లలో కార్బన్ (మిగిలిన మందుని పీల్చుకునే బొగ్గు) పెట్టి ఉంచండి. మళ్లీ ముడుచుకోవడం మొదలైతే మందు మళ్లీ వేయాలి. ఉబ్బినది ఉబ్బినట్టే ఉంటే మెయిన్ ట్యాంకులోకి మార్చేయండి, కానీ ఆ ముందురోజే అక్కడి వేవ్‌మేకర్లన్నిటికీ (నీళ్లు కదిలించే పంపులకి) జాలీ తొడగండి, కొత్త చోటు వెతుక్కుంటూ ఎనిమోన్ ముందు వెళ్లేది వాటి దగ్గరికే.