వేసవిలో జీవశాస్త్రం ఎక్కడ నేర్చుకోవాలి: కర్నూలు, అనంతపురం, కడపలో మేం చూసినవి

డిగ్రీ నాలుగో సెమిస్టర్ పరీక్షలు ముగిశాయంటే జీవశాస్త్రం చదివే పిల్లలున్న ఇళ్లలో ఒకటే ఆలోచన: ఈ వేసవి ఎక్కడ గడపాలి? మన రాష్ట్రంలో రెండో ఏడాది తర్వాత 180 గంటల స్వల్పకాలిక ఇంటర్న్‌షిప్ తప్పనిసరి. అది ఉందని తెలిసి ఏప్రిల్ నుంచే ఫోన్లకు ప్రకటనలు వరదలా వస్తాయి. బయోటెక్నాలజీ, మైక్రోబయాలజీ, జన్యుశాస్త్రం అంటూ పేర్లు పెద్దవిగా ఉంటాయి. లోపల ఏముందో మాత్రం వెళ్లి చూస్తేనే తెలుస్తుంది.

నేను ఆదోనిలో ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. మా అమ్మాయి జంతుశాస్త్రం ప్రధానంగా, మా చెల్లెలి కొడుకు వృక్షశాస్త్రం ప్రధానంగా బీఎస్సీ చదువుతున్నారు. డబ్బు కట్టేముందు ప్రయోగశాలలు, హాస్టళ్లు, భోజనం, ప్రయాణం అన్నీ కళ్లారా చూడాలని ముగ్గురం బయల్దేరాం. ఇద్దరికీ ముందే ఒక మాట చెప్పాను. ఎక్కడికి వెళ్లినా ఫీజు గురించి, ధ్రువపత్రం గురించి తర్వాత అడుగుదాం. రోజుకు ఎన్ని గంటలు విద్యార్థి తన చేతులతో పనిచేస్తాడో ముందు అడుగుదాం.

ఈ ప్రశ్న వెనుక ఒక లెక్క ఉంది. విశ్వవిద్యాలయాల చదువులకు నిబంధనలు పెట్టే యూజీసీ 2022లో ఇచ్చిన క్రెడిట్ల విధానం (చదివిన గంటలను లెక్కకట్టే పద్ధతి) ప్రకారం పాఠాలకైతే 15 గంటలకు ఒక క్రెడిట్, ప్రయోగాలకైతే 30 గంటలకు ఒక క్రెడిట్. వేసవి టర్మ్ అంటే ఎనిమిది వారాలు. నాలుగు క్రెడిట్ల ప్రయోగ కోర్సును పది రోజుల్లో ముగిస్తామని ఎవరైనా చెబితే, పిల్లలు రోజుకు 12 గంటలు ప్రయోగశాలలో నిలబడాలన్నమాట. అలా ఎక్కడా జరగదు. ఆ గంటలు కాగితం మీదే పుడతాయి.

కర్నూలులో మాకు మొదట ఎదురైంది సరిగ్గా అదే. పేరు చెప్పను కానీ, ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రం చాలా అందంగా ఉంది. చల్లటి గది, పెద్ద తెర, మెత్తటి కుర్చీలు. డీఎన్ఏ వేరుచేయడం, పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతి) అన్నీ నేర్పిస్తామన్నారు. పరికరాలు చూపించమని అడిగితే తెర మీద బొమ్మలు చూపించారు. మా అమ్మాయి నెమ్మదిగా, "సార్, పిపెట్‌లు ఎన్ని ఉన్నాయి?" అని అడిగింది. కొలత ప్రకారం ద్రవం తీసే ఆ సాధనాలు ముప్పై మందికి రెండే. అక్కడి నుంచి లేచి వచ్చేశాం. ఉల్లిపాయ లేదా అరటిపండు, ఉప్పు, సబ్బునీళ్లు, చల్లటి ఆల్కహాల్ ఉంటే డీఎన్ఏ పోగులను గాజు గొట్టంలో ప్రతి విద్యార్థీ చేతులారా తీయగలడు. దానికి కూడా తెర మీది బొమ్మ చాలనుకునే చోట పిల్లల వేసవిని ఎందుకు ఖర్చు చేయాలి?

ఊరిగా మాత్రం కర్నూలు సుఖమైన చోటు. బస్టాండు దగ్గర మేం దిగిన లాడ్జి శుభ్రంగా ఉంది, నీళ్లకు లోటు లేదు, పొద్దున్నే ఉగ్గాని, బజ్జీ వేడివేడిగా దొరికాయి. నందికొట్కూరు వైపు ఉన్న రోళ్లపాడు అభయారణ్యానికి కూడా ఒక ఉదయం వెళ్లాం. బట్టమేక పక్షి కోసం 1988లో ఏర్పాటు చేసిన చోటు అది. ఆ పక్షి ఇప్పుడు అక్కడ కనిపించడం లేదు. ఎండిన గడ్డిలో కృష్ణ జింకల మంద మాత్రం దగ్గరగానే కనిపించింది. ఒక జాతి తన సొంత గడ్డినేల నుంచి ఎలా తప్పుకుంటుందో పాఠ్యపుస్తకం కంటే ఆ ఖాళీ మైదానమే బలంగా చెబుతుంది. అయితే ఒక పూట చూసి రావడానికే అది బాగుంటుంది. వారాల తరబడి ఉండి నేర్చుకోవడానికి చుట్టుపక్కల బస లేదు.

అనంతపురం కథ వేరు. జాతీయ రహదారి మీద బస్సు ప్రయాణం హాయిగా సాగింది. అక్కడ మేం చూసిన కళాశాల ప్రయోగశాల పాతది, గోడలకు సున్నం రాలుతోంది, కానీ నలుగురికి ఒక సూక్ష్మదర్శిని ఉంది, ప్రతిదాని దగ్గరా పని జరుగుతోంది. ఉల్లి వేరు కొసలను తెల్లవారుజామునే కత్తిరించి, ఒక వంతు ఎసిటిక్ ఆమ్లం, మూడు వంతుల ఆల్కహాల్ కలిపిన ద్రావణంలో వేసి ఉంచారు. ఆ రోజు పిల్లలు వాటికి రంగు అద్ది, గాజు పలకల మధ్య నొక్కి, కణవిభజన దశలను వెతుకుతున్నారు. ఒక అమ్మాయికి క్రోమోజోములు నడిమధ్య వరుసకట్టిన మధ్యదశ కణం దొరికితే మిగతావాళ్లంతా ఆ బల్ల చుట్టూ మూగారు. మా చెల్లెలి కొడుకు అక్కడి నుంచి కదలనన్నాడు.

అక్కడి అధ్యాపకురాలు చెప్పిన ఒక విషయం వేసవి కోర్సు ఎంచుకునే ప్రతి తల్లిదండ్రీ తెలుసుకోవాలి. జన్యుశాస్త్రంలో వాడే డ్రోసోఫిలా అనే చిన్న పండ్ల ఈగలను సుమారు 25 డిగ్రీల దగ్గర పెంచాలి. వేడి 30 డిగ్రీలకు చేరువైతే మగ ఈగలకు సంతానశక్తి పోతుంది. బయట 40 డిగ్రీలు దాటే అనంతపురం మే నెలలో ఏసీ గది లేకుండా, కరెంటు పోతే నిలబెట్టే ఏర్పాటు లేకుండా డ్రోసోఫిలా ప్రయోగం పెట్టామంటే ఆ సీసాల్లో రెండో తరం పుట్టదు. పీసీఆర్‌లో వాడే ఎంజైమ్‌ను మైనస్ 20 డిగ్రీల దగ్గర దాచాలి కాబట్టి ఆ ఫ్రీజర్‌కూ అదే చిక్కు. "కోర్సులో ఏమేం ఉన్నాయని అందరూ అడుగుతారమ్మా, కరెంటు పోతే ఏం చేస్తారని ఎవరూ అడగరు" అన్నారావిడ. వాళ్ల దగ్గర జనరేటర్ ఉంది. ఈగల గది తలుపు తీసి చూపించారు, లోపల ఉష్ణమాపకం 24 దగ్గర ఉంది. ఆ ఒక్క అంకె చూశాక ఆ ప్రయోగశాల మీద నాకు నమ్మకం కుదిరింది.

బస విషయంలో అనంతపురం మమ్మల్ని కొంత ఇబ్బంది పెట్టింది. సెలవులు కావడంతో హాస్టల్ సగం ఖాళీగా ఉంది, కానీ పై అంతస్తు గదులే ఇస్తామన్నారు. మన ఎండలకు స్లాబు పగలంతా కాగి, రాత్రంతా ఆ వేడిని కిందికి వదులుతుంది. ఫ్యాను తిరిగినా వేడి గాలే. కింది అంతస్తు గది అడిగి తీసుకోవాలి, లేకపోతే రాత్రి నిద్రలేని పిల్లలు పొద్దున సూక్ష్మదర్శిని ముందు కునికిపాట్లు పడతారు. భోజనం బాగుంది: మధ్యాహ్నం అన్నం, పప్పు, చిక్కటి మజ్జిగ, వారానికి రెండుసార్లు రాగి సంగటి. సాయంత్రం ఆరున్నరకే గేటు వేస్తారు. ఆడపిల్లల భద్రత కోసమే అయినా, సాయంత్రపు క్షేత్ర పరిశీలన అక్కడ కుదరదు. ప్రయోగశాల చదువుకే అనంతపురం అని మేం అప్పుడే నిర్ణయానికి వచ్చాం.

అనంతపురం కోర్సులో చేరేవారు ఒక ఆదివారం వీలు చూసుకుని చిలమత్తూరు దగ్గరి వీరాపురం వెళ్లాలని నా సూచన. దూరం ఎక్కువే, హిందూపురం వైపు పోవాలి. ఎర్రకాళ్ల కొంగలు ఏటా జనవరి ప్రాంతంలో వచ్చి ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కట్టి, పిల్లలు ఎగరడం నేర్చాక ఆగస్టులో వెళ్లిపోతాయి. ఊరివాళ్లు వాటిని తమ ఇంటి అతిథుల్లా కాపాడుకుంటారు. మే నెలలో వెళ్తే గూళ్లలో ఎదిగిన పిల్లలు కనిపిస్తాయి.

ఇక కడప. నా మనసు నిలిచిపోయింది ఇక్కడే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

అనంతపురం నుంచి తాడిపత్రి మీదుగా బస్సులో వచ్చాం. దారి పొడవునా నాపరాళ్ల గుట్టలు, మధ్యమధ్యలో పచ్చటి చీనీ తోటలు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో ఏర్పడింది, పులివెందుల దారిలో ఊరికి దూరంగా ఉంటుంది. అక్కడి వృక్షోద్యానం వృక్షశాస్త్ర విద్యార్థి చూడాల్సిన చోటు. కానీ మేం వెతుక్కుంటూ వచ్చింది సిద్ధవటం దారిలోని ఒక పల్లెకు. ఇద్దరు విశ్రాంత అధ్యాపకులు అక్కడ పాత ఇంట్లో వేసవిలో డిగ్రీ పిల్లలకు క్షేత్ర జీవశాస్త్రం నేర్పుతున్నారు. ఒకసారికి పన్నెండు మందికి మించి తీసుకోరు.

రాయలసీమ వేసవిలో అడవికి వెళ్లడమేమిటని అందరూ భయపడతారు. నిజానికి ఈ ఆకురాల్చే అడవిని చదవడానికి వేసవి మంచి కాలం. నీటిని పొదుపు చేసుకోవడానికి చెట్లు ఆకులు రాల్చేస్తాయి కాబట్టి బెరడు, కొమ్మల అమరిక, గూళ్లు, కాయలు అన్నీ బయటపడతాయి. రేల చెట్టు పసుపు గుత్తులతో వేలాడుతుంది, కానుగ పూత నేలంతా పరుచుకుంటుంది. ఎర్రచందనం పూసే కాలం కూడా ఇదే. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టును బస్సు దిగి నడిచి వెళ్లి చూడగలగడం కడప పిల్లల అదృష్టం. గుండ్రటి కాయ, చుట్టూ పలుచటి రెక్క. గాలికి ఆ కాయ ఎంత దూరం పోతుందో తాడు పట్టి కొలవడం అక్కడ ఒక అభ్యాసం.

రోజు నడిచే తీరు ఇది. తెల్లవారుజామున ఐదున్నరకు బయటికి వెళ్తారు, తొమ్మిదికల్లా తిరిగి వస్తారు. కౌజు పిట్టల అరుపులు, పాలపిట్టలు, గొంతు కింద రంగుల తోలును విప్పి ఆడతొండను పిలిచే చిన్న తొండలు, అన్నీ ఆ గంటల్లోనే. పగలంతా మిద్దె ఇంటి చల్లదనంలో సేకరించిన సమాచారాన్ని పుస్తకంలోకి ఎక్కించడం, గింజలనూ కీటకాలనూ సూక్ష్మదర్శిని కింద చూడడం. రాత్రి తెల్లటి దుప్పటి కట్టి, వెనుక బల్బు వెలిగించి, వాలిన పురుగులను గణాలవారీగా లెక్కపెట్టడం.

నన్ను కదిలించిన అభ్యాసం మరొకటి ఉంది. శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం ఈ పక్కనే. 1900 తర్వాత ఎవరికీ కనిపించక, అంతరించిపోయిందనుకున్న కలివి కోడి 1986లో రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. రాత్రిపూట తిరిగే, మనిషి అలికిడికి దాక్కునే పక్షి అది. దాని ఉనికి తెలుసుకోవడానికి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టిని పట్టీలుగా పరిచి, పొద్దున్నే వాటి మీద పడిన అడుగుజాడలను చదివేవారు. అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. అందుకని ఈ అధ్యాపకులు ఊరి బయట రేగు, కలివి పొదలున్న బీడు భూమిలో పిల్లల చేత అదే పద్ధతి చేయిస్తారు. సాయంత్రం జల్లెడ పట్టిన మట్టి పరుస్తారు. పొద్దున అందులో ముంగిస, కుందేలు, కౌజు, పాము జారిన గుర్తు, మేకలు. ఏ జాడ ఎవరిదో కొలిచి, గీసి, వాదించుకుని తేల్చాలి. మా అమ్మాయి ఒక జాడ ముందు చాలాసేపు కూర్చుని, "అమ్మా, ఇది కుందేలు కాదు, అడుగుల మధ్య దూరం సరిపోవడం లేదు" అంది. అధ్యాపకులు ఆమె కొలత సరిచూసి, అది ముంగిసదని ఒప్పుకున్నారు. కొలత పట్టుకుని గురువుతో వాదించే ధైర్యం నా కూతురికి రావడం నేను చూశాను. ఈ ప్రయాణంలో నాకు ఇంతకంటే విలువైనది లేదు.

లోపాలూ ఉన్నాయి. ఆ ఊళ్లో బస అంటే ఆ ఇల్లే. ఆడపిల్లలకు వేరుగా గది, స్నానాలగది ఉన్నాయి కానీ నీళ్లు పొద్దున, సాయంత్రమే. తల్లిదండ్రులు ఉండాలంటే కడప బస్టాండు దగ్గర లాడ్జిలే గతి. కూలర్ గదికి మేం రోజుకు 900 రూపాయలు ఇచ్చాం, ఆ ధరకు గది మర్యాదగానే ఉంది. పొద్దున టిఫిన్‌కు కారం దోశ తిని సిద్ధవటం బస్సు ఎక్కితే సరిపోతుంది. ఆ దారిలో బస్సులు మధ్యాహ్నం పలుచబడతాయి, చూసుకుని బయల్దేరాలి. పెన్నా ఒడ్డున సిద్ధవటం కోట ఉంది, ఎండ తగ్గాక ఒక గంట కేటాయించవచ్చు.

క్షేత్ర కోర్సుకు పంపేవారు పాముల గురించి నేరుగా అడగాలి. అక్కడ మడమలు దాటే బూట్లు లేకుండా ఎవరినీ పొదల్లోకి రానివ్వరు, రాళ్లను కర్రతో తప్ప చేత్తో కదిలించనివ్వరు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి నాలుగింటికీ పనిచేసే విరుగుడు మందు ఒకటే. అది ఏ ఆసుపత్రిలో ఉందో, అక్కడికి ఏ వాహనంలో ఎంతసేపట్లో చేరతారో గోడ మీద రాసి అంటించారు. ఓఆర్ఎస్ పొట్లాలు ప్రతి సంచిలో ఉన్నాయి. ఇలాంటి కాగితం గోడ మీద లేని చోటికి పిల్లల్ని పంపవద్దు.

చివరికి మా అమ్మాయి కడపలో, చెల్లెలి కొడుకు అనంతపురంలో చేరారు. "పెద్దమ్మా, కొంగలు వెళ్లిపోకముందే వీరాపురం తీసుకెళ్లు" అని వాడు ఇప్పటినుంచే అడుగుతున్నాడు. చేరకముందే ఇద్దరి కళాశాలల నుంచీ రాతపూర్వకంగా అంగీకారం తీసుకున్నాం; గంటలు రోజువారీగా రాసి, నేర్పినవారి సంతకం ఉన్న పుస్తకం ఉంటేనే ఆ 180 గంటలు మార్కుల్లోకి వస్తాయి.

మంచి మార్కులున్న పిల్లలకు కడప అధ్యాపకులు మరో దారి కూడా చెప్పారు. దేశంలోని మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి ఏటా వేసవి పరిశోధన ఫెలోషిప్‌లు ఇస్తాయి. ఎంపికైతే రెండు నెలలు ఒక శాస్త్రవేత్త దగ్గర పని, నెలనెలా భృతి, రైలు ఛార్జీ. దరఖాస్తులు ముందటి ఏడాది శీతాకాలంలోనే ముగుస్తాయి, మేలో వెతికితే దొరకదు. దరఖాస్తుతో పాటు ఏం చేయాలనుకుంటున్నారో చిన్న వ్యాసం రాయాలి, ఒక అధ్యాపకుడి సిఫారసు లేఖ కావాలి. మా అమ్మాయి తన మట్టిపట్టీల కొలతల నుంచే ఆ వ్యాసం రాస్తానంటోంది; సిఫారసు ఇస్తామని కడప అధ్యాపకులు మాట ఇచ్చారు.