విజయవాడ–విశాఖ: గంట విమానం, నాలుగు గంటల రైలు

విజయవాడ ఎయిర్‌పోర్టు ఉన్న గన్నవరం నుంచి విశాఖ ఎయిర్‌పోర్టుకి నేరుగా గీత గీస్తే దూరం సుమారు 290 కిలోమీటర్లు. అదే రైలు పట్టాల మీద 350. విమాన ప్రయాణం టికెట్‌లో ఓ గంట అని ఉంటుంది కానీ ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానం అయితే గాల్లో ఉండేది ముప్పావు గంటే. దాని వేగం గంటకు దాదాపు 500 కిలోమీటర్లు. మిగతా సమయం రన్‌వే ఎక్కడానికి, దిగాక ఆగే చోటికి చేరడానికి పోతుంది.

అసలు లెక్క ఇంటి గుమ్మం దగ్గర మొదలవుతుంది. బెంజ్ సర్కిల్ వైపు నుంచి గన్నవరం 20 కిలోమీటర్ల దాకా ఉంటుంది, రామవరప్పాడు రింగ్ దగ్గర ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఊళ్లోవాళ్లకి చెప్పక్కర్లేదు. లగేజీ ఇచ్చే కౌంటర్ గంట ముందే మూసేస్తారు కాబట్టి టెన్షన్ లేకుండా వెళ్లాలంటే రెండు గంటల ముందు బయల్దేరాల్సిందే. అవతల దిగాక బ్యాగు కోసం ఎదురుచూపు, క్యాబ్ బేరం, ఎయిర్‌పోర్టు దగ్గరి ఎన్ఏడీ జంక్షన్ దాటి బీచ్ రోడ్డు చేరడం, ఇవన్నీ కలిపితే ఇంకో గంట. మొత్తం నాలుగు గంటలు అయిపోతుంది. 2023 సంక్రాంతికి మొదలైన వందేభారత్ ఈ రెండు స్టేషన్ల మధ్య తీసుకునేదీ దాదాపు నాలుగు గంటలే. పైగా రెండు స్టేషన్లూ ఊరి మధ్యలోనే. అమ్మానాన్నలతో, నాలుగు బ్యాగులతో వెళ్లేటప్పుడు నా ఓటు రైలుకే. వందేభారత్‌లో సీటు దొరక్క రత్నాచల్ లాంటి ఆరు గంటల రైలు ఎక్కాల్సి వస్తే మాత్రం విమానం చూడొచ్చు.

అయితే ఒక్క విషయంలో విమానానికి సాటి లేదు. ఏటీఆర్‌కి రెక్క పైన ఉంటుంది, కాబట్టి కిటికీలోంచి కింద నేలంతా కనిపిస్తుంది. మరీ ఎత్తుకి కూడా వెళ్లదు. విశాఖ వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ, అంటే ఎఫ్ సీటు తీసుకోండి. మబ్బుల్లేని రోజు ముందు కొల్లేరు, చేపల చెరువుల గట్లు గళ్ల చీర పరిచినట్టు కనిపిస్తాయి. కాసేపటికి రాజమండ్రి. వెడల్పాటి గోదావరి, దానికి అడ్డంగా ధవళేశ్వరం ఆనకట్ట, అక్కడి నుంచి పాయలుగా విడిపోయి కోనసీమలోకి పోయే నీళ్లు. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో బట్టీపట్టిన డెల్టా అంటే ఏమిటో నాకు ఆ కిటికీ దగ్గరే నిజంగా అర్థమైంది. తిరుగు ప్రయాణంలో ఎడమవైపు కూర్చోవాలి.

విశాఖలో బస విషయానికొస్తే, పొద్దున్నే విమానం ఉన్నవాళ్లు సముద్రం కనిపించే గది కోసం పట్టుబట్టకండి. ఎన్ఏడీ కొత్తరోడ్డు వైపు లాడ్జీలు సాదాగా ఉన్నా, తెల్లవారుజామున క్యాబ్ దొరుకుతుందో లేదో అన్న దిగులుండదు. రెండు మూడు రోజులు ఉండేవాళ్లకి ద్వారకా నగర్ మేలు, ఆర్టీసీ కాంప్లెక్స్ పక్కనే.

ఇప్పటి విశాఖ రన్‌వే నేవీది, వాళ్ల విమానాలతో పంచుకోవాలి. కొత్త ఎయిర్‌పోర్టుకి చోటు భోగాపురంలో చూశారు, అది నగరానికి 45 కిలోమీటర్ల దూరం. విమానాలు అక్కడి నుంచి ఎగిరితే విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకి ఎంతో సుఖం. విశాఖలో విజయవాడ వైపున్న గాజువాక నుంచి వెళ్లేవాళ్లు మాత్రం ముందు ఎదురు దిక్కులో భోగాపురం దాకా పోయి విమానం ఎక్కాలి, వాళ్లకి దువ్వాడ స్టేషనే దగ్గర.