3, 4, 5 తరగతులకు మైక్రోబిట్ వి2: ముందు వస్తువు, తర్వాతే బోర్డు

ప్రోగ్రామ్ రాసి నడిపించే చిన్న కంప్యూటర్ బోర్డు మైక్రోబిట్ వి2ను ప్రైమరీ బడికి కొనవచ్చా? కొనవచ్చు. అయితే కోడింగ్ పీరియడ్ నింపడానికి కాదు. పిల్లలు తమ చేత్తో ఒక వస్తువు తయారుచేసి, దానితో పని చేయించడానికి కొనాలి. బోర్డు బల్ల మీద పెట్టి "దీనితో ఏం చేద్దాం?" అని మొదలుపెట్టిన తరగతి, గుండె బొమ్మ వెలిగించి పేరు పరిగెత్తించడంతోనే ఆగిపోతుంది. "కుండీలో మొక్కకు నీళ్లు ఎప్పుడు పోయాలో మనకు ఎలా తెలుస్తుంది?" అని మొదలుపెడితే అట్టపెట్టె, మేకులు, కొలతలు, తప్పులు, దిద్దుబాట్లు అన్నీ వాటంతటవే వస్తాయి.

బీబీసీ దీన్ని 2016లో బ్రిటన్‌లో 11, 12 ఏళ్ల పిల్లలకు ఉచితంగా పంచింది. ఇప్పుడు దొరికే వి2 రకం 2020లో వచ్చింది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన ఈ బోర్డు మీద 25 ఎర్ర లైట్లు, రెండు బటన్లు, తాకితే స్పందించే గుర్తు, మైక్, స్పీకర్, కదలికనూ వెలుగునూ పసిగట్టే సెన్సర్లు ఉంటాయి. ఇంగ్లండ్‌లో డిజైన్ అండ్ టెక్నాలజీ (వస్తువులను రూపొందించి తయారుచేయడం) అయిదేళ్ల వయసు నుంచే పాఠ్యాంశం. 7 నుంచి 11 ఏళ్ల వాళ్లు తాము చేసిన వస్తువును ప్రోగ్రామ్‌తో నడిపించాలని అక్కడి పాఠ్యప్రణాళికలోనే ఉంది. బడుల్లో పిల్లలు తమ చేత్తో పరికరాలు చేసి చూడటానికి ప్రభుత్వం పెట్టించే మన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఆరో తరగతి నుంచి మొదలవుతాయి కాబట్టి, అంతకన్నా చిన్న పిల్లలకు ఏం చేయాలన్నా బడి సొంతంగా పూనుకోవాల్సిందే.

దీని విలువ బాగా తెలిసేది కుండీ పనిలోనే. రెండంగుళాల ఇనుప మేకులు రెండు, వాటిని పట్టి ఉంచడానికి ఒక థర్మకోల్ ముక్క, రెండు క్రొకడైల్ క్లిప్పు వైర్లు (చివర పళ్లున్న క్లిప్పులు ఉండేవి) చాలు. థర్మకోల్‌లో రెండు సెంటీమీటర్ల దూరంలో మేకులు గుచ్చి మట్టిలో దించాలి. ఒక మేకును పిన్ 0కు, రెండోదాన్ని పిన్ 1కు కలపాలి (పిన్‌లంటే బోర్డు అంచున వైర్లు తగిలించే చోట్లు). ప్రోగ్రామ్ చిన్నదే: పిన్ 1కి కరెంటు ఇవ్వు, పిన్ 0 దగ్గర విలువ చదువు, పిన్ 1 ఆపు, అంకె చూపించు, అయిదు సెకన్లు ఆగు. ఆ విలువ 0 నుంచి 1023 వరకు వస్తుంది. మొదటి పీరియడ్‌లో "తడి ఉందా, లేదా" అని బోర్డును తేల్చమనకండి. ఎండిన కుండీలో ఎంత వచ్చింది, అప్పుడే నీళ్లు పోసిన కుండీలో ఎంత వచ్చింది, ఈ రెండూ పిల్లలు నోటుబుక్కులో రాసుకోవాలి. ఆ రెండింటి మధ్య ఏ అంకె దగ్గర బోర్డు కూత పెట్టాలో తర్వాత వాళ్లే నిర్ణయిస్తారు.

ఇక్కడే తప్పులు జరుగుతాయి. మేకులు చేత్తో పట్టుకుంటే అంకె నిలకడగా ఉండదు, ఎందుకంటే మేకుల మధ్య దూరం మారినా, లోతు మారినా విలువ మారుతుంది. ఎరువు వేసిన మట్టి ఒక అంకె చూపితే, వేయనిది ఇంకొకటి చూపుతుంది. అందుకే పక్క గుంపు అంకెను కాపీ కొడితే పని జరగదు. మేకును నేరుగా, ఎప్పుడూ కరెంటు ఇస్తూ ఉండే 3వి పిన్‌కు కలిపినా ప్రోగ్రామ్ నడుస్తుంది కానీ, మట్టిలో ఎప్పుడూ కరెంటు పారుతూ ఉండి మేకు త్వరగా తుప్పు పట్టి అరిగిపోతుంది, చదువుతున్న విలువ కూడా రోజురోజుకూ జారిపోతుంది. కొలిచేటప్పుడు మాత్రమే పిన్ 1 ద్వారా కరెంటు ఇవ్వడం అందుకే. పెట్టె డిజైన్‌కు ఒకే ఒక్క షరతు పెట్టండి: బోర్డు కుండీ అంచుకన్నా పైన, నీళ్లు పోసే వైపుకు ఎదురు వైపు ఉండాలి.

నడిచిన అడుగులు లెక్కపెట్టే పట్టీ అయిదో తరగతికి బాగుంటుంది. "కదిలిస్తే ఒకటి కలుపు" అనే బ్లాకు సులువే కానీ మెల్లగా నడిస్తే అడుగులు వదిలేస్తుంది. త్వరణం విలువ చూడటం మేలు. బోర్డు కదలకుండా ఉన్నప్పుడు అది దాదాపు 1000 ఉంటుంది, 1500 దాటితే అడుగు అనుకోమని మొదలుపెట్టి సరిచేసుకోవాలి. లెక్క కలిపిన వెంటనే 300 మిల్లీసెకన్ల విరామం పెట్టకపోతే ఒక్క అడుగును నాలుగైదుసార్లు లెక్కిస్తుంది. సెల్ పెట్టె బోర్డుకన్నా బరువు. అది వేలాడుతుంటే ఊగి లేని అడుగులు కలుపుతుంది కాబట్టి రెండింటినీ ఒకే అట్టముక్కకు రబ్బరు బ్యాండుతో బిగించాలి.

తరగతి సమయం ఎక్కువగా తినేది కేబుల్. బోర్డు మీద ఎర్ర దీపం వెలుగుతుంది, కంప్యూటర్‌లో మాత్రం మైక్రోబిట్ డ్రైవ్ కనిపించదు. అది ఛార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే కేబుల్, మార్చాలి. డ్రైవ్ పేరు మెయింటెనెన్స్ అని వస్తే, కేబుల్ గుచ్చేటప్పుడు వెనక రీసెట్ బటన్ నొక్కుకుపోయిందన్నమాట. తీసి మళ్లీ గుచ్చితే సరిపోతుంది. క్లిప్పును పక్కనుంచి కరిపిస్తే పళ్లు పక్క పిన్‌లకు తగులుతాయి, పెద్ద రంధ్రానికి నిలువుగా పట్టించడం మొదటిరోజే నేర్పండి. పవర్‌బ్యాంకుతో నడిపితే, బోర్డు లాగే కరెంటు మరీ తక్కువ కాబట్టి కొన్ని పవర్‌బ్యాంకులు తమంతట తామే ఆగిపోతాయి. ఉష్ణోగ్రత చూపించేది చిప్ వేడి, గది వేడి కాదు. గదిలోని థర్మామీటరుతో పోల్చి తేడా తీసేయాలి.

మోటారు దగ్గర ఈ బోర్డు బలహీనం. బొమ్మ కారు మోటారును నేరుగా పిన్‌కు కలపకూడదు, ఆ కరెంటు పిన్ ఇవ్వలేదు. చిన్న సర్వో మోటారును (చెప్పిన కోణానికి తిరిగి ఆగేది) రెండు సన్న సెల్స్‌తో తిప్పబోతే వోల్టేజీ పడిపోయి బోర్డు మళ్లీ మళ్లీ మొదటికొస్తుంది. సర్వోకు వేరుగా మూడు పెన్సిల్ సెల్స్ పెట్టి, వాటి నెగటివ్‌ను బోర్డు నెగటివ్ పిన్ అయిన జీఎన్‌డీతో కలపాలి. ఆ మూడు సెల్స్ పెట్టెను బోర్డు బ్యాటరీ సాకెట్‌కు మాత్రం ఎప్పుడూ గుచ్చకండి. 4.5 వోల్టులను బోర్డు తట్టుకోదు, దాని గరిష్ఠం 3.6. మూడో తరగతికైతే మోటారు ఊసే వద్దు. వాళ్లకు అట్ట లివర్లు, బండి చక్రాలు, ఇరుసులు ముందు రావాలి.

ధర వెయ్యి రూపాయల పైమాటే, కొనేచోటును బట్టి బాగా మారుతుంది. ముప్పై మంది తరగతికి పది బోర్డులు సరిపోతాయి. ఒకరు పెట్టె, ఒకరు వైర్లు, ఒకరు ప్రోగ్రామ్ చూసుకుని వారానికోసారి పనులు మార్చుకోవచ్చు. బ్లాకులు జోడించి ప్రోగ్రామ్ రాసే మేక్‌కోడ్ ఉచితం, అందులో తెర మీద కనిపించే నకలు బోర్డు మీద ముందే సరిచూసుకోవచ్చు కాబట్టి బోర్డు కోసం వరుసలో నిలబడే పని తగ్గుతుంది. విడి బోర్డు కన్నా గో అనే ప్యాకు తీసుకోండి, అందులో కేబుల్, సెల్ పెట్టె, సెల్స్ కలిసి వస్తాయి. అదనంగా డేటా కేబుళ్లు రెండు, ఆల్కలైన్ సెల్స్ ఒక డబ్బా, గుంపుకు నాలుగు చొప్పున క్లిప్పు వైర్లు ఉంచుకోండి. వాడనప్పుడు సెల్ పెట్టె వైరును కాకుండా ప్లగ్గును పట్టుకుని ఊడదీయించండి. వైరు పట్టి లాగితే ముందు తెగేది అదే.