14416 టెలీ మానస్: ఏ జబ్బుకు ఎంతవరకు అక్కరకొస్తుంది?

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న, ప్రపంచ మానసిక ఆరోగ్య దినం నాడు మొదలుపెట్టిన ఉచిత ఫోన్ సేవ ఇది. నంబరు 14416. అది కలవకపోతే 1800 891 4416. పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగుతో కలిపి 20 భాషల్లో మాట్లాడతారు. పైనుంచి నడిపేది బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్. గుండెదడకు గుండె డాక్టరు, తలనొప్పికి నరాల డాక్టరు, చివరికి తాయెత్తు అంటూ ఏళ్లు గడిపేసే ఇళ్లకు ఇంతకంటే తేలికైన మొదటి దారి లేదు. కాకపోతే అన్ని జబ్బులకూ ఇది ఒకేలా పనికిరాదు. కొన్నిటికి ఫోన్ పట్టుకుని కూర్చోవడమే ప్రమాదం.

లైన్లోకి ముందు వచ్చేది డాక్టరు కాదు, శిక్షణ పొందిన కౌన్సిలర్. ఇది తెలియకే చాలామంది చిరాకుపడతారు. నిద్రమాత్ర పేరు చెప్పమంటే ఆయన చెప్పరు, చెప్పకూడదు కూడా. తన స్థాయిలో తేలని కేసును రెండో అంచెకు పంపుతారు. అక్కడ సైకియాట్రిస్టు లాంటి నిపుణులుంటారు. ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సేవ ఈ-సంజీవని ద్వారా వీడియోలో చూడటమో, జిల్లా ఆసుపత్రికో మెడికల్ కాలేజీకో పంపడమో జరుగుతుంది. పేరు చెప్పడం ఇష్టం లేకపోతే చెప్పక్కర్లేదు.

కాల్ ఫలితం సగం మన చేతుల్లోనే ఉంటుంది. "మా అబ్బాయి ఎలాగో ఉంటున్నాడండీ" అంటే అవతలివాళ్లు ఏం చేయగలరు? ఎప్పటినుంచి, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నాడు, తిండి తగ్గిందా, కాలేజీకో పనికో పోతున్నాడా, మందు తాగుతాడా, వంశంలో ఇంకెవరికైనా ఉందా అన్నవి రాసిపెట్టుకోవాలి. వాడుతున్న మాత్రల షీట్లు ముందుంచుకోవాలి. మెడికల్ షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చినప్పుడు పేరు, మిల్లీగ్రాములు ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. "తెల్లగా, చిన్నగా ఉంటుంది" అంటే మానసిక మందుల్లో ఎన్నో అలాంటివే. ప్రిస్క్రిప్షన్ అయినా దగ్గర ఉండాలి.

ఈ సేవ బాగా రాణించేది పానిక్ అటాక్ విషయంలో. గుండె దడదడలాడుతుంది, ఊపిరాడదు, చచ్చిపోతున్నానేమో అనిపిస్తుంది, సాధారణంగా పది నిమిషాల లోపే తారస్థాయికి చేరి తగ్గుతుంది. భయంతో గబగబా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పడిపోతుంది. పెదాల చుట్టూ, వేళ్ల చివర తిమ్మిరి, కళ్లు తిరగడం అందుకే. దాన్ని పక్షవాతం అనుకుని ఇంకా భయపడతారు, ఊపిరి ఇంకా వేగమవుతుంది. ఇక్కడ కావాల్సింది పక్కన నిలబడే గొంతు: నాలుగు లెక్కపెడుతూ లోపలికి, ఆరు లెక్కపెడుతూ నెమ్మదిగా బయటికి. అది ఫోన్లో చక్కగా కుదురుతుంది. అయితే మొదటిసారి వచ్చిన ఛాతీ నొప్పికి, ముఖ్యంగా నలభై దాటినవాళ్లకు, ముందు ఈసీజీ, ఆ తర్వాతే 14416. థైరాయిడ్ ఎక్కువైనా ఇలాంటి దడే వస్తుంది, కాబట్టి టీఎస్‌హెచ్ పరీక్ష కూడా చేయించాలి.

డిప్రెషన్‌కూ మంచి మొదలే. రెండు వారాలకు మించి దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర, ఆకలి చెడిపోవడం ఉంటే "గట్టిగా ఉండు" అన్న సలహా పనిచేయదు. వంశం, మెదడులోని రసాయనాలు, అప్పులు, కాన్పు, మద్యం, థైరాయిడ్ తక్కువ కావడం, ఇందులో ఏవో రెండు మూడు కలిసి తెచ్చే జబ్బిది. చచ్చిపోవాలనిపిస్తోందా అని కౌన్సిలర్ సూటిగా అడుగుతారు. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ, అడగడం వల్ల చాలామందికి భారం దిగుతుంది. అవుననే జవాబొస్తే ఇంట్లోవాళ్లు అదే రోజు చేయాల్సిన పని ఒకటుంది: పురుగుమందు డబ్బాలు, మిగిలిపోయిన మాత్రలు ఇంట్లోంచి తీసేయడం, మనిషిని ఒంటరిగా వదలకపోవడం.

కాల్ చేసేవాళ్లు తరచూ చెప్పడం మరిచిపోయేది ఇంకొకటి. ఇప్పుడు దిగులుగా ఉన్న మనిషి గతంలో ఎప్పుడైనా రోజుల తరబడి మూడు గంటలే నిద్రపోయి, హుషారుగా, గొప్పలు పోతూ, డబ్బు నీళ్లలా ఖర్చుపెట్టాడా? అలాగైతే అది బైపోలార్ (దిగులు, మితిమీరిన హుషారు మార్చి మార్చి వచ్చే జబ్బు) కావచ్చు. అడగకుండా డిప్రెషన్ మాత్ర ఒక్కటే మొదలుపెడితే మనిషి మానియాలోకి, అంటే ఆ మితిమీరిన హుషారులోకి, వెళ్లే ముప్పుంది. అప్పుడు లిథియం లాంటి మూడ్ స్టెబిలైజర్ (మనఃస్థితిని నిలకడగా ఉంచే మందు) కావాలి. దానికి రక్తపరీక్షలు తప్పవు, ఆఖరి మాత్ర వేసుకున్న 12 గంటలకు నమూనా ఇవ్వాలి. ఎండాకాలంలో వాంతులు, విరేచనాలతో నీళ్లు, ఉప్పు పోతే రక్తంలో లిథియం పెరిగి విషమవుతుంది. చేతులు బాగా వణికినా, మాట తడబడినా ఆసుపత్రే.

ఇక పనికిరాని చోట్లు. రోజూ బాగా తాగేవాడు ఉన్నట్టుండి ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపు లేనివి కనబడుతూ, చెమటలు పడుతూ, ఎక్కడున్నాడో తెలియని స్థితి రావచ్చు. ప్రాణం మీదికొచ్చే సంగతిది. తెలంగాణలో కల్తీ కల్లు మానినవాళ్లకూ అంతే, అందులో కలిపే ఆల్ప్రాజోలామ్, డైజిపామ్ అనే మత్తుమందులు ఒంటికి అలవాటై ఉంటాయి. ఇలాంటప్పుడు 108 కి ఫోన్ చేయాలి. ఫోన్లో బీపీ చూడలేరు, థయామిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ ఇవ్వలేరు. కొట్టడానికి వస్తున్నవాడికీ, రోజులుగా అన్నం నీళ్లు ముట్టనివాడికీ ఇదే మాట.

లేని మాటలు వినిపించే, లేనిపోని అనుమానాలు పట్టుకునే జబ్బు స్కిజోఫ్రీనియాలో ఇబ్బంది వేరు. తనకు జబ్బు లేదనే మనిషి ఫోన్ ఎందుకు అందుకుంటాడు? మాట్లాడేది తల్లో అన్నో. వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న: "తెలియకుండా అన్నంలో కలిపి పెట్టొచ్చా?" వద్దు. తినకుండా వదిలేసిన ముద్దలో ఎంత మందు పోయిందో ఎవరికీ తెలియదు, దుష్ప్రభావం వస్తే చెప్పే దారుండదు, బయటపడిన రోజు ఇంట్లో వంట మీదే నమ్మకం పోతుంది. ఎవరో విషం పెడుతున్నారన్న అనుమానం ముందే ఉన్న మనిషికి అది చేతులారా ఇచ్చిన రుజువు. నెలకోసారి వేసే ఇంజెక్షన్ల గురించి డాక్టరును అడగండి. మానసిక ఆరోగ్య రక్షణ చట్టం, 2017 ప్రకారం, రోగి ఒప్పుకోకపోయినా చేర్పించాల్సి వస్తే దానికో పద్ధతి ఉంది. కౌన్సిలర్ నుంచి ఆ వివరం అడిగి తెలుసుకోవచ్చు.

ఈ నంబరుకు రెండోసారి చేయాల్సిన సందర్భాన్ని మాత్రం చాలామంది వదిలేస్తారు. ఎస్సిటాలోప్రామ్ లాంటి డిప్రెషన్ మాత్ర పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వికారం మాత్రం మొదటి వారంలోనే వస్తుంది. ఆ వారంలోనే ఎక్కువమంది ఆపేస్తారు. బాగయ్యాక కూడా ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి, ఒక్కసారిగా మానేస్తే తల తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టు ఉండటం జరుగుతుంది. మాత్ర ఆపుదామనిపించినప్పుడు, ఆపకముందే 14416 కి చేయండి, అదే వారంలో డాక్టరును కలవండి.